రెండుగా చీలే ధమనికి ఏ స్టెంటింగ్ నప్పుతుంది: ప్రొవిజనల్ నుంచి డీకే క్రష్ దాకా ఒక సమీక్ష

పూడుకున్న ధమనిని తెరిచి ఉంచే స్టెంట్ తిన్నగా ఉండే లోహపు జాలీ గొట్టం, మొదటి నుంచి చివరిదాకా ఒకే వ్యాసం. గుండె ధమని చీలే చోటు అలా ఉండదు. పైనుంచి లావుగా వచ్చిన ధమని చీలిక దాటగానే సన్నబడుతుంది, పక్కకు ఇంకో దారి తెరుస్తుంది. యాంజియోప్లాస్టీల్లో 15 నుంచి 20 శాతం ఇలాంటి చోట్లే జరుగుతాయి. అందుకే ఈ గొట్టాన్ని ఆ ఆకారానికి ఒప్పించడానికి ఇన్ని పద్ధతులు పుట్టాయి. అన్నిటికీ పేర్లున్నాయి, పక్షం వహించేవాళ్లూ ఉన్నారు.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. చాలావరకు చీలికలకు ప్రొవిజనల్ (ప్రధాన ధమనికే ఒక స్టెంట్ వేసి, అవసరమైతేనే పక్క కొమ్మకు రెండోది వేయడం) చాలు, అదే మొదటి ఎంపిక. పక్క కొమ్మ పెద్దదై, అందులో పూడిక పొడవుగా పాకి ఉంటే, పక్క కొమ్మ స్టెంట్ కొసను నలిపి ప్రధాన ధమనిలో రెండో స్టెంట్ వేసే డీకే క్రష్‌కు సాటి లేదు. రెండు కొమ్మలూ దాదాపు ఒకే సైజులో ఉండి, కోణం ఇరుకుగా ఉంటే, రెండు స్టెంట్లను పై భాగంలో ఒకదానిలో ఒకటి దూర్చే క్యులాట్ చక్కగా కుదురుతుంది. పక్క కొమ్మ స్టెంట్‌ను ప్రధాన ధమనిలోకి కాస్త పొడుచుకొచ్చేలా వేసే టాప్ అన్నది ప్రొవిజనల్ మధ్యలో పక్క కొమ్మ ఇబ్బంది పెట్టినప్పుడు ఆదుకునే మార్గం. పాత క్రష్‌ను పక్కన పెట్టేయవచ్చు. అయితే ఏ పద్ధతి ఎంచుకున్నా ఫలితం మాత్రం మూడు చిన్న పనుల మీద ఆధారపడుతుంది: పాట్ (చీలికకు పైనున్న స్టెంట్ భాగాన్ని పొట్టి బెలూన్‌తో విప్పడం) సరిగ్గా పడిందా, వైర్ (బెలూన్, స్టెంట్ వెళ్లడానికి దారి ఇచ్చే సన్నటి తీగ) స్టెంట్ జాలీలోని సరైన గడిలోంచి వెళ్లిందా, కిస్సింగ్ బెలూన్ (రెండు కొమ్మల్లో ఒకేసారి ఊదే జత బెలూన్లు) పూర్తిగా విచ్చుకుందా. ఈ సమీక్షలో ఎక్కువ చోటు వాటికే.

ఎంచుకునే ముందు కొలవాల్సినవి

మెడినా వర్గీకరణ 2006 నుంచి వాడుకలో ఉంది. ఇందులో మూడు అంకెలు వరుసగా చీలికకు ముందున్న ప్రధాన ధమనిని, చీలిక దాటాక ప్రధాన ధమనిని, పక్క కొమ్మను చెబుతాయి. 50 శాతం, అంతకు మించి పూడిక ఉంటే 1, లేదంటే 0. వీటిలో (1,1,1), (1,0,1), (0,1,1) అనే మూడింటినే అసలైన బైఫర్కేషన్లుగా, అంటే చీలిక పూడికలుగా లెక్కిస్తారు. ఇది గుర్తుపెట్టుకోవడానికి తేలిక, చికిత్స నిర్ణయించడానికి మాత్రం చాలదు. పక్క కొమ్మ ముఖద్వారంలో 3 మిల్లీమీటర్ల పూడిక ఉన్నా, లోపలికి 20 మిల్లీమీటర్లు పాకినా మెడినాలో రెండూ 1,1,1 గానే కనిపిస్తాయి. మొదటిదానికి ఒక స్టెంట్ చాలు. రెండోదాన్ని ఒక స్టెంట్‌తో మొదలుపెడితే మధ్యలో చేతులెత్తేయాల్సి రావచ్చు.

కాబట్టి విడిగా చూడాల్సినవి ఇవి: పక్క కొమ్మ వ్యాసం 2.5 మిల్లీమీటర్లకు పైనేనా, అది ఎంత కండరానికి రక్తం ఇస్తోంది, అందులో పూడిక పొడవెంత, కాల్షియం ఉందా, రెండు కొమ్మల మధ్య కోణం ఎంత. కోణం 70 డిగ్రీల లోపైతే చీలిక వై ఆకారంలో ఉన్నట్టు: వైర్ సులువుగా వెళ్తుంది, కానీ స్టెంట్ వేయగానే కేరినా, అంటే రెండు కొమ్మలు విడిపోయే ఆ సన్నటి అంచు, పక్క కొమ్మ మీదకు జరిగే అవకాశం ఎక్కువ. 70 దాటితే టీ ఆకారం: వైర్ తిప్పడం కష్టం, కేరినా జరిగే బెడద తక్కువ.

ఇక స్టెంట్ సైజు. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, పొరపాట్లు ఇక్కడే మొదలవుతాయి. చీలికకు ముందున్న వ్యాసం, చీలిక తర్వాతి రెండు కొమ్మల వ్యాసాల మొత్తాన్ని 0.678తో గుణిస్తే వచ్చినంత ఉంటుంది. దీన్ని ఫినే సూత్రం అంటారు. ఎల్ఏడీ (గుండె ముందు వైపు దిగే పెద్ద ధమని) చీలిక తర్వాత 3.0 మిల్లీమీటర్లు, దాని పక్క కొమ్మ డయాగొనల్ 2.5 అనుకుందాం. మొత్తం 5.5, దాన్ని 0.678తో గుణిస్తే సుమారు 3.73. అంటే చీలిక తర్వాతి సైజును బట్టి 3.0 స్టెంట్ వేసి, పై భాగాన్ని 3.75 దాకా విప్పాలి. ఎల్ఏడీ, సర్కమ్‌ఫ్లెక్స్ అనే రెండు కొమ్మలుగా చీలే ఎడమ మూల ధమని లెఫ్ట్ మెయిన్‌లో తేడా ఇంకా పెద్దది: ఎల్ఏడీ 3.5, సర్కమ్‌ఫ్లెక్స్ 3.0 అయితే లెఫ్ట్ మెయిన్ 4.4 దాకా ఉంటుంది.

ఇప్పుడు చేతిలో ఉన్న స్టెంట్ అంతదాకా విచ్చుకుంటుందా? ప్రతి స్టెంట్‌కూ తయారీదారు ఇచ్చిన హద్దు ఉంటుంది, ఆ హద్దు సైజును బట్టి మారుతుంది. జియెన్స్ సియెర్రాలో 3.25 దాకా ఉన్న సైజుల హద్దు 3.75, 3.5 నుంచి పైవాటి హద్దు 5.5. సినర్జీలో 3.0, 3.5 సైజుల హద్దు 4.25, 4.0 సైజుది 5.75. పై ఉదాహరణలోని లెఫ్ట్ మెయిన్‌కు సియెర్రా 3.5 సరిపోతుంది. సినర్జీ 3.5 మాత్రం 4.25 దగ్గరే ఆగిపోతుంది, అక్కడ 4.0 తీసుకోవాల్సిందే. హద్దు దాటించి సాగదీస్తే స్ట్రట్ల (జాలీలోని లోహపు కడ్డీల) ఆకారం దెబ్బతింటుంది, గోడకు ఇచ్చే ఆసరా తగ్గుతుంది. సాగదీయకుండా వదిలేస్తే స్టెంట్ గోడకు అంటుకోక గాలిలో వేలాడుతుంది. ఈ లెక్క స్టెంట్ ప్యాకెట్ విప్పకముందే వేసుకోవాలి.

ప్రొవిజనల్: ఒక స్టెంట్, తెరిచి ఉంచిన రెండో దారి

దీని గొప్పతనం ఏమిటంటే ఏ దశలోనైనా ఆగిపోవచ్చు, అవసరమైతే ఏ దశలోనైనా రెండో స్టెంట్‌కు మారవచ్చు. చీలికల చికిత్స నిపుణుల బృందమైన యూరోపియన్ బైఫర్కేషన్ క్లబ్ ఏళ్ల తరబడి దీన్నే మొదటి ఎంపికగా చెబుతూ వస్తోంది, ఆ మాటతో మేం పూర్తిగా ఏకీభవిస్తాం.

క్రమం ఇలా ఉంటుంది. పరికరాలను లోపలికి పంపే గొట్టం, అంటే గైడ్ క్యాథెటర్, 6 ఫ్రెంచ్ సైజుది చాలు. రెండు కొమ్మల్లోకీ వైర్లు పంపాలి, కష్టమైన కొమ్మలోకి ముందు. వైర్లను ఒకదాని చుట్టూ ఒకటి తిరగనివ్వకూడదు. రెండో వైర్‌ను అటూ ఇటూ గిరగిరా తిప్పితే మెలి పడుతుంది, తర్వాత బెలూన్ వెళ్లదు. ప్రధాన ధమనిని బెలూన్‌తో విప్పాలి. పక్క కొమ్మను ముందే విప్పాలా అన్నది సందర్భాన్ని బట్టి: ముఖద్వారం బాగా బిగిసి ఉన్నా, కాల్షియం ఉన్నా, వైర్ చాలా కష్టం మీద వెళ్లినా విప్పవచ్చు. లేకపోతే ముట్టుకోకపోవడమే మేలు. అక్కడ చీరుకుపోతే స్టెంట్ వేశాక తిరిగి వైర్ పంపేటప్పుడు అది ఆ చీలికలోకి దూరే ప్రమాదం ఉంటుంది.

తర్వాత స్టెంట్. సైజు చీలిక తర్వాతి ప్రధాన ధమనిని బట్టి తీసుకోవాలి. పొడవు మాత్రం చీలికకు పైన కనీసం 8 నుంచి 10 మిల్లీమీటర్లు మిగిలేలా చూసుకోవాలి, ఎందుకంటే పాట్ బెలూన్లలో పొట్టివి కూడా 6 నుంచి 8 మిల్లీమీటర్లు ఉంటాయి, అది స్టెంట్ లోపలే కూర్చోవాలి. పక్క కొమ్మలోని వైర్ స్టెంట్ కింద చిక్కుకుని ఉంటుంది. ఆ వైర్ ముఖద్వారం ఎక్కడుందో చూపిస్తుంది, కోణాన్ని కొంచెం తెరుస్తుంది, కొమ్మ మూసుకుపోతే ప్రాణాధారం అవుతుంది. అందుకే కొత్త వైర్ లోపలికి వెళ్లేదాకా దాన్ని తీయకూడదు. పాలిమర్ పూత ఉన్న వైర్‌ను ఇలా చిక్కించడం మంచిది కాదు, లాగేటప్పుడు పూత గీసుకుపోవచ్చు.

పాట్‌ను వదిలేయకూడదు

పాట్ అంటే చీలికకు పైన ఉన్న స్టెంట్ భాగాన్ని ఆ ధమని అసలు వ్యాసానికి తగ్గ పొట్టి బెలూన్‌తో విప్పడం. చెప్పుకుంటే ఒక్క వాక్యం, చేసేటప్పుడు మిల్లీమీటర్ల వ్యవహారం. బెలూన్ ముందు భుజం, అంటే లావు భాగం ముగిసి సన్నబడే చోటు, సరిగ్గా కేరినాకు ఎదురుగా ఆగాలి. బెలూన్ మీద ఎక్స్‌రేలో కనిపించే గుర్తు, మార్కర్ దగ్గర భుజం మొదలవుతుందా, దాటాక మొదలవుతుందా అన్నది బెలూన్‌కో తీరు. వాడే బెలూన్ తీరు తెలిసి ఉండాలి. చీలిక బాగా విడిపోయి కనిపించే కోణంలో, స్టెంట్‌ను ఎక్స్‌రేలో స్పష్టంగా చూపే స్టెంట్ బూస్ట్ లాంటి సౌకర్యం ఉంటే దాంతో చూసుకుని పెట్టాలి.

బెలూన్ కొంచెం ముందుకు పోతే లావు బెలూన్ సన్నటి కొమ్మలోకి దూరి కేరినాను పక్క కొమ్మ మీదకు తోసేస్తుంది, చీలిక తర్వాతి గోడ చీరుకుపోవచ్చు కూడా. వెనక ఆగిపోతే చీలికకు ఎదురుగా ఉన్న స్ట్రట్లు గోడకు అంటుకోవు. అప్పుడు తిరిగి పంపే వైర్ స్టెంట్‌కూ గోడకూ మధ్య సందులోంచి వెళ్లిపోతుంది. ఎక్స్‌రేలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆ వైర్ మీద బెలూన్ ఊదితే స్టెంట్ నలిగిపోతుంది. సరిగ్గా పడిన పాట్ ఈ ప్రమాదాన్ని తగ్గిస్తుంది, పైగా పక్క కొమ్మకు ఎదురుగా ఉన్న గడులను వెడల్పు చేసి వైర్‌కు దారి ఇస్తుంది.

పాట్ తర్వాత పక్క కొమ్మను చూడాలి. రక్తం బాగా పారుతూ, నొప్పి లేకుండా, ఈసీజీ మారకుండా ఉంటే అక్కడితో ఆగిపోవచ్చు. ముఖద్వారం నొక్కుకుపోయినట్టు కనిపించినంత మాత్రాన కంగారు అక్కర్లేదు. స్టెంట్ కింద చిక్కిన పక్క కొమ్మల్లో ఎఫ్ఎఫ్ఆర్ (పూడిక రక్తప్రవాహాన్ని ఎంత అడ్డుకుంటోందో చెప్పే పీడన కొలత) కొలిచిన 2005 నాటి అధ్యయనంలో, చూపుకు 75 శాతం, అంతకు మించి మూసుకున్నట్టు కనిపించిన 73 కొమ్మల్లో 20 మాత్రమే నిజంగా రక్తప్రసరణను అడ్డుకుంటున్నాయి. 75 శాతం లోపు కనిపించినవాటిలో ఒక్కటీ లేదు. కేరినా జరగడం వల్ల ముఖద్వారం కోలగా మారుతుంది, ఒక కోణంలో చూస్తే మూసుకున్నట్టే ఉంటుంది.

లోపలికి వెళ్లాల్సి వస్తే కేరినాకు అతి దగ్గరగా ఉన్న గడిలోంచే వెళ్లాలి. అలా వెళ్తే బెలూన్ ఊదినప్పుడు స్ట్రట్లు ముఖద్వారం పై అంచు మీదకు ఒరిగి దాన్ని కప్పుతాయి. పై గడిలోంచి వెళ్తే కేరినా దగ్గర స్ట్రట్లు రక్తప్రవాహానికి అడ్డంగా మిగిలిపోతాయి, ముఖద్వారం పై అంచు ఖాళీగా ఉంటుంది. కింది గడి దొరకడానికి చేసే పని ఇది: కొన వంచిన వైర్‌ను ముందు ప్రధాన ధమనిలో చీలిక దాటేలా పంపి, కొనను పక్క కొమ్మ వైపు తిప్పి, నెమ్మదిగా వెనక్కి లాగాలి. కేరినా దాటగానే కొన జారి మొదట దొరికిన గడిలో పడుతుంది. పైనుంచి కిందికి గుచ్చుతూ పోతే పై గడిలోకే దూరుతుంది.

చిక్కిన పాత వైర్‌ను లాగేటప్పుడు గైడ్ క్యాథెటర్ ఒక్కసారిగా ధమని లోపలికి దూసుకొస్తుంది. స్టెంట్ పై అంచుకు తగిలితే అది అకార్డియన్‌లా ముడుచుకుపోతుంది. ఒక చేత్తో గైడ్‌ను కొంచెం బయటికి పట్టి ఉంచి, ఇంకో చేత్తో వైర్ లాగాలి. వైర్ మెత్తటి కొనను మాత్రం ఎప్పుడూ స్టెంట్ కింద చిక్కనివ్వకూడదు, తెగిపోయేది అక్కడే.

కిస్సింగ్‌కు ఎన్‌సీ బెలూన్లు, అంటే ఎక్కువ పీడనంలోనూ సైజు దాటి పెద్దగా సాగనివి వాడాలి. ఒక్కొక్కటీ దాని కొమ్మ సైజుకు తగ్గట్టు, ప్రధాన ధమనిలో రెండూ పక్కపక్కనే ఉండే భాగం వీలైనంత పొట్టిగా. పక్కపక్కనే ఊదిన రెండు బెలూన్లు స్టెంట్‌ను గుండ్రంగా కాక కోలగా సాగదీస్తాయి. అందుకే కిస్సింగ్ తర్వాత మళ్లీ పాట్ చేసి ఆ కోలతనాన్ని సరిచేయాలి. రెండో పాట్ ఎగ్గొట్టడం మామూలుగా కనిపించే లోపం. ప్రొవిజనల్‌లో ఒక స్టెంటే ఉంటే కిస్సింగ్ తప్పనిసరి కాదు. నార్డిక్ 3 అధ్యయనంలో 477 మందిని పోల్చి చూస్తే కిస్సింగ్ చేసినా చేయకపోయినా రోగి పరిస్థితిలో తేడా రాలేదు, పక్క కొమ్మ తిరిగి సన్నబడటం మాత్రం కిస్సింగ్ చేసినవారిలో తక్కువగా ఉంది. రెండు స్టెంట్లు వేస్తే కిస్సింగ్ తప్పదు.

ప్రొవిజనల్‌కు ఆధారాలు బలమైనవి. 413 మందితో నార్డిక్ 1లో ఆరు నెలలకు ప్రధాన ప్రమాదాల్లో (మరణం, గుండెపోటు, మళ్లీ చికిత్స లాంటివి) రెండు వర్గాల మధ్యా తేడా లేదు: ఒక స్టెంట్ వ్యూహంలో 2.9 శాతం, రెండు స్టెంట్లలో 3.4. 500 మందితో బీబీసీ వన్‌లో తొమ్మిది నెలలకు 8.0, 15.2 శాతం, అంటే రెండు స్టెంట్ల వైపే ఎక్కువ నష్టం. 350 మందితో క్యాక్టస్‌లో ప్రొవిజనల్ వర్గంలోని 31 శాతానికి చివరికి రెండో స్టెంట్ వేయాల్సి వచ్చింది. దాన్ని వైఫల్యం అనలేం, అవసరమైతే మారవచ్చన్నదే ఈ పద్ధతి ఉద్దేశం. ఇవన్నీ పాత తరం స్టెంట్ల మీద, ఎక్కువగా చిన్న పూడికల మీద చేసినవన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

ఈ మధ్య వచ్చిన మార్పుల్లో మాకు నచ్చింది పక్క కొమ్మకు మందు పూసిన బెలూన్. డీసీబీ-బిఫ్ అధ్యయనంలో 784 మందికి ప్రధాన ధమనిలో స్టెంట్ వేసి, పక్క కొమ్మను సగానికి సగం మందికి మందు బెలూన్‌తో, మిగతావారికి మామూలు ఎన్‌సీ బెలూన్‌తో విప్పారు. ఏడాదికి ప్రధాన ప్రమాదాలు 7.2 శాతం, 12.5 శాతం. ముఖద్వారాన్ని ముందు మామూలు బెలూన్‌తో బాగా విప్పాకే మందు బెలూన్ పంపాలి, మందు గోడకు అంటుకునేలా 30 నుంచి 60 సెకన్లు ఊది ఉంచాలి.

టీ, టాప్

ప్రొవిజనల్ చేస్తుండగా పక్క కొమ్మ చీరుకుపోయినా, రక్తం పారకపోయినా రెండో స్టెంట్ కావాలి. కోణం దాదాపు 90 డిగ్రీలైతే పక్క కొమ్మ స్టెంట్‌ను ముఖద్వారం దగ్గరే మొదలయ్యేలా వేసే మామూలు టీ సరిపోతుంది. అంతకంటే తక్కువైతే టీలో ముఖద్వారం ఒక వైపు స్టెంట్ లేకుండా ఖాళీ మిగులుతుంది, తిరిగి పూడుకునేది ఆ ఖాళీలోనే. ఆ ఖాళీ లేకుండా పక్క కొమ్మ స్టెంట్‌ను 1 నుంచి 2 మిల్లీమీటర్లు ప్రధాన ధమనిలోకి పొడుచుకొచ్చేలా వేయడమే టాప్. కిస్సింగ్‌తో పక్క కొమ్మ విప్పాక, ప్రధాన ధమనిలో ఊదని బెలూన్ ఒకటి సిద్ధంగా ఉంచి, పక్క కొమ్మ స్టెంట్ ఊది, అదే స్టెంట్ బెలూన్‌ను కొంచెం వెనక్కి లాగి రెండూ కలిపి ఊదాలి. వైర్ మళ్లీ పంపాల్సిన పని లేదు, అదే దీని బలం. బలహీనత కొత్తగా ఏర్పడే లోహపు కేరినా: కోణం ఇరుకైనకొద్దీ అది పొడవవుతుంది, తర్వాత ఎప్పుడైనా ప్రధాన ధమనిలోకి వైర్ పంపాల్సి వస్తే అడ్డం పడుతుంది. టాప్ తర్వాత పాట్ చేస్తే బెలూన్ ఆ కేరినా దాటి ముందుకు పోకుండా చూడాలి, లేకపోతే పక్క కొమ్మ స్టెంట్ నోరు నలిగిపోతుంది.

క్యులాట్

రెండు స్టెంట్లూ పై భాగంలో ఒకదానిలో ఒకటి దూరి ఉంటాయి. ముందు పక్క కొమ్మలోకి ఒక స్టెంట్ వేస్తారు, దాని పై భాగం ప్రధాన ధమనిలో ఉంటుంది. పాట్ చేసి, ఆ స్టెంట్ గడిలోంచి ప్రధాన ధమనిలోకి వైర్ పంపి, గడిని విప్పి, రెండో స్టెంట్ అందులోంచి వేస్తారు. మళ్లీ పాట్, మళ్లీ పక్క కొమ్మలోకి వైర్, కిస్సింగ్, చివరి పాట్. ప్రొవిజనల్ నుంచి తలకిందులుగా కూడా దీనికి మారవచ్చు: ప్రధాన ధమనిలో స్టెంట్ ఇప్పటికే ఉంటే రెండోది పక్క కొమ్మలోకి దూర్చడమే.

ముఖద్వారం చుట్టూ లోహం చక్కగా కప్పుకోవడం దీని గుణం, కోణం ఇరుకైన వై చీలికల్లో ఇది బాగా నప్పుతుంది. సైజులు బాగా తేడా ఉంటే మాత్రం వాడకూడదు. 2.5 స్టెంట్‌ను 4.4 లెఫ్ట్ మెయిన్‌లో విప్పడం కుదరని పని. విప్పినా గడి నోరు బిగుసుకుపోయి రెండో స్టెంట్ నడుము సన్నగా మిగులుతుంది. ఇంకో ప్రమాదం, మొదటి స్టెంట్ వేశాక ప్రధాన ధమనిలోకి వైర్ వెళ్లకపోతే పెద్ద ధమనే ఆపదలో పడుతుంది. అందుకే చిక్కించిన వైర్ అక్కడ ఉండి తీరాలి. రెండు స్టెంట్లు కలిసే భాగాన్ని పొట్టిగా ఉంచడమే ఇప్పుడు మంచి పద్ధతి.

డీకే క్రష్: పని ఎక్కువ, ఫలితం కూడా

2003లో ఆంటోనియో కొలంబో బృందం పరిచయం చేసిన క్రష్ తేలిగ్గా ఉండేది: పక్క కొమ్మ స్టెంట్ పొడుచుకొచ్చిన భాగాన్ని ప్రధాన ధమని స్టెంట్‌తో నలిపేయడమే. చిక్కు తర్వాత వచ్చేది. ముఖద్వారానికి కిటికీకి రెండు జాలీలు బిగించినట్టు లోహపు పొరలు అడ్డుపడేవి, వైరూ బెలూనూ దూరక చివరి కిస్సింగ్ తప్పేది. చైనాలోని నాన్‌జింగ్‌కు చెందిన షావో-లియాంగ్ చెన్ బృందం దీనికి కనిపెట్టిన ఉపాయం, నలిపిన వెంటనే, ప్రధాన స్టెంట్ వేయకముందే ఒకసారి కిస్సింగ్ చేసి ఒక జాలీని తెరిచేయడం. రెండుసార్లు కిస్సింగ్ కాబట్టి డబుల్ కిస్సింగ్, డీకే. మొదటి డీకేక్రష్ అధ్యయనంలో చివరి కిస్సింగ్ పాత క్రష్‌లో 76 శాతానికి కుదిరితే, డీకేలో 100 శాతానికి కుదిరింది. పాత క్రష్‌ను వదిలేయమనడానికి మాకు ఈ ఒక్క అంకె చాలు.

క్రమం జాగ్రత్తగా పాటించాలి. రెండు కొమ్మలనూ ముందు బాగా విప్పాలి. పక్క కొమ్మ స్టెంట్‌ను ప్రధాన ధమనిలోకి 2 నుంచి 3 మిల్లీమీటర్లు పొడుచుకొచ్చేలా పెట్టాలి. ముఖద్వారం పై అంచు కప్పబడిందా అని రెండు వేర్వేరు కోణాల్లో చూడాలి. నలపడానికి ప్రధాన ధమనిలో బెలూన్ ముందే ఉంచుకోవాలి. స్టెంట్ ఊదాక దాని బెలూన్‌ను 2, 3 మిల్లీమీటర్లు వెనక్కి లాగి ముఖద్వారం దగ్గర ఎక్కువ పీడనంతో మరోసారి ఊదాలి. కాంట్రాస్ట్ (ఎక్స్‌రేలో ధమనిని చూపే ద్రవం) ఇచ్చి కింది అంచు చీరుకుపోలేదని తేల్చుకున్నాకే పక్క కొమ్మ వైర్, బెలూన్ తీయాలి. ఆ తర్వాత ప్రధాన ధమని వ్యాసానికి సమానమైన ఎన్‌సీ బెలూన్‌తో నలపాలి. సన్నటి బెలూన్‌తో నలిపితే స్టెంట్ సగం నలిగి గోడకు దూరంగా ఉండిపోతుంది, అందులో వైర్ ఎటు పోతుందో చెప్పలేం.

ఇప్పుడు మొదటిసారి వైర్. ప్రొవిజనల్‌లో చెప్పినదానికి ఇది పూర్తిగా వ్యతిరేకం: ఇక్కడ కేరినాకు దూరంగా, పై గడిలోంచి వెళ్లాలి. కింది గడి వెతికితే వైర్ నలిగిన స్టెంట్‌కూ కేరినా గోడకూ మధ్యలోంచి, స్టెంట్ బయటి నుంచి పక్క కొమ్మలోకి జారుతుంది. అలా ఊదితే ముఖద్వారం దగ్గర స్టెంట్ ఒక వైపు ఒరిగి పెద్ద ఖాళీ మిగులుతుంది, తర్వాత ఎన్ని కిస్సింగ్‌లు చేసినా పూడదు. ఈ పద్ధతి విఫలమైన చోట్ల మొదట అనుమానించాల్సింది ఇదే. వైర్ వెళ్లాక కూడా రెండు కోణాల్లో చూసి, అది స్టెంట్ లోపలే ఉందని నిర్ధారించుకోవాలి.

బెలూన్ వెళ్లకపోతే 1.0 నుంచి 1.5 మిల్లీమీటర్ల చిన్న బెలూన్‌తో దారి చేసుకోవాలి. తర్వాత ఎన్‌సీ బెలూన్లతో మొదటి కిస్సింగ్. ప్రధాన ధమనిలో స్టెంట్, పాట్, రెండోసారి వైర్ మళ్లీ పై గడి లేదా మధ్య గడిలోంచి. పక్క కొమ్మను విడిగా 16 అట్మాస్ఫియర్లు, అవసరమైతే అంతకు మించిన పీడనంతో ఊది, ఆపై రెండో కిస్సింగ్, చివరి పాట్. ఇదంతా 6 ఫ్రెంచ్ గైడ్‌లోనే కుదురుతుంది, 7 ఫ్రెంచ్ ఉంటే హాయిగా ఉంటుంది. సమయం, కాంట్రాస్ట్, రేడియేషన్ అన్నీ ప్రొవిజనల్ కంటే ఎక్కువ. మూత్రపిండాలు బలహీనంగా ఉన్న రోగిలో ఇది చిన్న విషయం కాదు.

ఫలితాలు ఆ శ్రమకు తగ్గట్టే ఉన్నాయి. డీకేక్రష్ 2లో 370 మందిలో ఏడాదికి అదే చోట మళ్లీ చికిత్స అవసరమైంది 4.3 శాతానికి, ప్రొవిజనల్‌లో 13.0 శాతానికి. డీకేక్రష్ 3లో లెఫ్ట్ మెయిన్ చీలికలున్న 419 మందిలో డీకేకు 6.2, క్యులాట్‌కు 16.3 శాతం ప్రధాన ప్రమాదాలు. డీకేక్రష్ 5లో 482 మందికి లెఫ్ట్ మెయిన్ చివర ఏడాదికి వైఫల్యం (గుండె జబ్బుతో మరణం, ఆ ధమని వల్ల గుండెపోటు, లేదా అదే చోట మళ్లీ చికిత్స) 5.0, ప్రొవిజనల్‌లో 10.7 శాతం.

మరి 2021లో వచ్చిన ఈబీసీ మెయిన్ ఎందుకు వేరేగా చెప్పింది? 467 మంది లెఫ్ట్ మెయిన్ రోగుల్లో మెట్టుమెట్టుగా చేసిన ప్రొవిజనల్‌కు 14.7, ముందే రెండు స్టెంట్లు అనుకున్నవారికి 17.7 శాతం ప్రధాన ప్రమాదాలు, గణాంకపరంగా తేడా లేదు. ప్రొవిజనల్ వర్గంలో 22 శాతానికే రెండో స్టెంట్ అవసరమైంది. ఈ రెండు అధ్యయనాలూ ఒకే ప్రశ్న అడగలేదన్నది మా అభిప్రాయం. ఈబీసీ మెయిన్‌లో సర్కమ్‌ఫ్లెక్స్ పూడికలు పొట్టివి, రెండు స్టెంట్ల వైపు ఎక్కువగా చేసింది క్యులాట్, డీకే క్రష్ కొద్దిమందికే. డీకేక్రష్ 5లో పూడికలు పొడవైనవి, చేసినవారు ఆ పద్ధతిలో ఆరితేరినవారు. పొట్టి పూడికకు డీకే క్రష్ అక్కర్లేదు, పొడవైనదానికి ప్రొవిజనల్ చాలదు: రెంటినీ కలిపి చదివితే తేలేది ఇది.

ఆ గీత ఎక్కడ గీయాలో, చీలిక పూడిక ఎంత సంక్లిష్టమో తేల్చే డెఫినిషన్ ప్రమాణాలు చెబుతాయి. లెఫ్ట్ మెయిన్ చీలికలో పక్క కొమ్మ పూడిక 70 శాతం, పొడవు 10 మిల్లీమీటర్లు, లేదా మిగతా చోట్ల 90 శాతం, 10 మిల్లీమీటర్లు ఉంటే ప్రధాన ప్రమాణం దాటినట్టు. దానికి తోడు చిన్న ప్రమాణాల్లో రెండైనా ఉండాలి: మధ్యస్థం నుంచి తీవ్రమైన కాల్షియం, ఒకటికి మించి పూడికలు, కోణం 45 లోపు లేదా 70 పైన, ప్రధాన ధమని 2.5 కంటే సన్నం, రక్తపు గడ్డ ఉండటం, ప్రధాన ధమనిలో పూడిక 25 మిల్లీమీటర్లు లేదా ఎక్కువ. ఇలా ఎంపిక చేసిన 653 మందితో డెఫినిషన్ 2 చేస్తే ఏడాదికి వైఫల్యం ముందే అనుకున్న రెండు స్టెంట్లలో 6.1, ప్రొవిజనల్‌లో 11.4 శాతం. ఆ రెండు స్టెంట్ల వర్గంలో ఎక్కువమందికి చేసింది డీకే క్రష్.

మిగతావి

రెండు కొమ్మల్లోకీ ఒకేసారి పక్కపక్కనే వేసే వీ, సైమల్టేనియస్ కిస్సింగ్ స్టెంట్లు వేగంగా అయిపోతాయి, రెండు కొమ్మల్లోకీ దారి ఎప్పుడూ పోదు. ప్రాణం మీదకు వచ్చిన లెఫ్ట్ మెయిన్‌లో అది విలువైనదే. కానీ ప్రధాన ధమని మధ్యలో రెండు పొరల లోహపు గోడ మిగిలిపోతుంది, తర్వాత వైర్ పంపడం నరకం. మామూలు పరిస్థితుల్లో వద్దు. చీలికల కోసమే ప్రత్యేకంగా తయారైన స్టెంట్ల మీద పెట్టుకున్న ఆశలూ నెరవేరలేదు: ట్రైటన్ స్టెంట్‌ను 704 మందిలో ప్రొవిజనల్‌తో పోల్చితే వైఫల్యం 17.4, 12.8 శాతం, ప్రొవిజనల్‌కు సమానమని కూడా నిరూపించుకోలేకపోయింది.

లోపలి నుంచి చూడకుండా రెండు స్టెంట్లు వేయకూడదు

యాంజియోగ్రామ్‌లో అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. వైర్ ఏ గడిలోంచి వెళ్లిందో, స్టెంట్ గోడకు అంటుకుందో, ముఖద్వారం నిజంగా విచ్చుకుందో ధమని లోపలి నుంచి అల్ట్రాసౌండ్‌తో చూసే ఐవస్ లేదా కాంతితో చూసే ఓసీటీ మాత్రమే చూపిస్తాయి. 1,201 మందితో 2023లో వచ్చిన అక్టోబర్ అధ్యయనంలో చీలికల దగ్గర ఓసీటీ చూసి చేసినవారిలో రెండేళ్లకు ప్రధాన ప్రమాదాలు 10.1 శాతం, యాంజియోగ్రామ్ మాత్రమే చూసి చేసినవారిలో 14.1. ఓసీటీ గడులను స్పష్టంగా చూపుతుంది. లెఫ్ట్ మెయిన్ మొదలు దాకా చూడాలంటే, కాంట్రాస్ట్ తగ్గించాలంటే ఐవస్ మేలు.

లెఫ్ట్ మెయిన్‌లో స్టెంట్ లోపలి వైశాల్యపు చివరి కొలతకు 5-6-7-8 అనే గుర్తు ఉంది: సర్కమ్‌ఫ్లెక్స్ ముఖద్వారంలో 5 చదరపు మిల్లీమీటర్లు, ఎల్ఏడీ ముఖద్వారంలో 6, రెండూ కలిసే చోట 7, లెఫ్ట్ మెయిన్‌లో 8. వీటికి తగ్గితే తిరిగి పూడుకునే అవకాశం పెరుగుతుంది. అన్నిటికంటే తరచుగా తగ్గేది సర్కమ్‌ఫ్లెక్స్ ముఖద్వారం. అక్కడ 5 రాకపోతే వైర్ ఇంకా లోపల ఉండగానే, ముఖద్వారానికి తగిన పొట్టి ఎన్‌సీ బెలూన్‌తో ఎక్కువ పీడనంలో మళ్లీ ఊది, ఇంకోసారి కిస్సింగ్, ఇంకోసారి పాట్ చేసి, మళ్లీ ఐవస్ లాగి చూడాలి. వైర్లు బయటికి తీసేది ఆ తర్వాతే.